వట్టి మెరుపుల పుస్తకం

జూన్ 3

మామయ్యా,

మా నాన్న ఫొటోని దొంగిలించింది నువ్వు. ఉత్తరం "బాగున్నావా" అని మొదలుపెట్టమని అమ్మ చెప్పింది. రెండో వాక్యంలో అడుగుతానని ఒప్పుకున్నాను. బాగున్నావా?

నీకు ఫోన్లో సరిగ్గా వినపడదు. వినపడినా నీకు ఇష్టం లేని మాట వినపడదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. దీనికి "ఆఁ? ఏంటీ?" అని తప్పించుకోలేవు.

రెండు నెలలుగా నాకు పాత పత్రాల భవనంలో తాత్కాలిక ఉద్యోగం. మీ ఎమ్మెల్యే గారు పోయాక ఆయన కూతురు ఫొటోలన్నీ తెచ్చి ఈ భవనానికి ఇచ్చేసింది. పంతొమ్మిది అట్టపెట్టెలు, పదకొండు వందల నలభై ఫొటోలు, వాటి నెగెటివ్‌లు. నాలుగుసార్లు గెలిచిన మనిషి ఇరవై రెండేళ్ళ బతుకు. ప్రతి ఫొటో వెనకా నీ స్టూడియో రబ్బరు ముద్ర ఉంది. నేను తెల్ల గ్లౌజులు తొడుక్కుని ఒక్కొక్కటీ తీసి, నంబరు వేసి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని రెండు ముక్కలు రాయాలి. జూలై ఒకటిన ప్రదర్శన. దానికి మా సూపరింటెండెంట్ గారు పెట్టిన పేరు "ప్రజల మధ్య నాయకుడు".

"ప్రజలేరి సార్?" అన్నాను.

"అదిగో, ఆ మూల మోచెయ్యి కనపడటం లేదూ?" అన్నాడాయన. జోకు కాదు మామయ్యా. నిజంగానే చూపించాడు.

మంత్రులున్నారు, కాంట్రాక్టర్లున్నారు, రిబ్బన్లున్నాయి, కత్తెర పెట్టిన పళ్ళెం కూడా ఫోకస్‌లో ఉంది. ప్రజలు మాత్రం మోచేతులు. పీడితుల ముఖాల్ని చరిత్ర ఎలా తుడిచేస్తుందో నేను చదివిన కరపత్రాల్లో ఉంది. ఇలా రబ్బరు ముద్రేసి మరీ తుడిచేస్తుందని లేదు.

పెట్టెలన్నీ అయిపోయాయి. నాన్న లేడు.

పదకొండేళ్ళ కిందట రైలుకట్ట వీధికి ఎమ్మెల్యే వచ్చినప్పుడు అరవై రెండు ఇళ్ళ తరఫున అర్జీ ఇచ్చింది నాన్నే. ఆయన నాన్న భుజం మీద చెయ్యేసి "మీ ఇళ్ళని ఎవడూ కదపడు, నాదీ హామీ" అన్నాడు. నువ్వు ఫొటో తీశావు. రాతపూర్వకంగా తీసుకోమని వీధంతా అంటే నాన్న ఏమన్నాడో నీకు తెలుసు: "సంతకం నాది కాదనొచ్చు. ఫొటోలో ముఖం నాది కాదని ఎలా అంటాడు?" ఎనిమిది నెలలకి ఇళ్ళు కూల్చే మిషన్లొచ్చాయి. "మా బావమరిది ఫొటో తెస్తున్నాడు, ఒక్క పూట ఆగండి" అని నాన్న వాటితో వచ్చిన ఆఫీసర్ని బతిమాలాడు. ఆయన ఆగాడు కూడా. నువ్వు రాలేదు.

తర్వాత నాన్న పేరు మారిపోయింది. తాళాల మేస్త్రీ కాస్తా ఫొటో మేస్త్రీ అయ్యాడు. "ఏం ఫొటో మేస్త్రీ, కడిగారా ఇంకా ఆరేశారా?" అని వీధిలో పెద్దవాళ్ళే అడిగేవాళ్ళు. ఏడాదిన్నర అలా విని పోయాడు. పోయేముందు అమ్మతో అన్న మాట "మీ తమ్ముడు తెస్తాడులే" అని.

ఇంట్లో ఆయన ముఖం లేదు. పెళ్ళి ఫొటో ఇంటి గోడ కింద పోయింది. ఓటు కార్డు మీద ఉన్నది ఒక నల్ల మరక. ఇంట్లోనే ఫొటోగ్రాఫర్ ఉన్నాడు, ఎప్పుడైనా తీయించుకోవచ్చులే అని ఊరుకున్నాం. ఇప్పుడున్న అద్దె గదిలో కూడా ఆ ఫొటో కోసం అమ్మ ఒక మేకు కొట్టి ఉంచింది.

ఆ ఫొటో నాకు కావాలి. ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగా పెట్టి, కింద ఏం రాయాలో నేనే రాస్తాను.

ప్రస్తుతానికి ఇంకా నీ మేనకోడల్ని.

జూన్ 9

అగ్గిపుల్లా,

బాగున్నాను. రెండో వాక్యంలో అయినా అడిగావు, సంతోషం. మా అక్క మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కనియ్యకు. నువ్వు కరపత్రాలు పంచుకుంటూ తిరుగుతావు, ఇంట్లో నీళ్ళు ఆవిడే మోస్తుందని నాకు తెలుసు.

ఉద్యోగం దొరికినందుకు నిజంగా ఆనందపడ్డాను. ఫొటోల్ని అంచులు పట్టుకుని తియ్యి, గ్లౌజులున్నా సరే. ఆరో పెట్టెలో కొన్ని ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. లాగకు. సూపరింటెండెంటుతో పేచీ పెట్టుకోకు. ఆఫీసులో అరిచినవాళ్ళ మాట అరుపు కిందే పోతుంది.

ఆ ఫొటో సంగతి. అది పాడైందే తల్లీ. ఆ ఏడాది స్టూడియో వెనక గదిలోకి నీళ్ళొచ్చాయి. చాలా రీళ్ళు తడిసిపోయాయి. అప్పుడే చెప్పాల్సింది, బావ ముఖం చూసి చెప్పలేకపోయాను. పోయినదాని కోసం తవ్వుకుని ఏం లాభం? మీ నాన్న ముఖం నీకు గుర్తుంది కదా. నవ్వితే ఎడమ బుగ్గ మీద గీత పడేది. అది చాలదా?

ఇక్కడ నేనుండే గదికి కిటికీ తూర్పు వైపు. పొద్దున వెలుగు బాగుంటుంది. ఫొటో తీయాలనిపిస్తుంది, తీయను. చెయ్యి వణుకుతోంది.

వేళకి తిను.

నీ మామయ్య.

జూన్ 14

మామయ్యా,

అబద్ధం కూడా నీట్‌గా ఆడలేవా?

తడిసిన రీలు తడవకుండా నా బల్ల మీద ఉంది. పద్నాలుగో పెట్టెలో, నీ చేత్తో తేదీ రాసిన కవర్లో. అదే రోజు, అదే రీలు. నెగెటివ్‌ని కింద నుంచి వెలుగొచ్చే దీపపు బల్ల మీద పరిచి భూతద్దంతో చూశాను. పదిహేడో బొమ్మలో ఎమ్మెల్యే బడి గేటుకి రిబ్బన్ కత్తిరిస్తున్నాడు. పద్దెనిమిదో బొమ్మలో కాంట్రాక్టరు ఇంట్లో భోజనానికి కూర్చున్నాడు. బడికీ భోజనానికీ మధ్య మా వీధి ఉంది మామయ్యా, ఎటు నుంచి వెళ్ళినా ఉంది. రీలు మీద లేదు. కోసిన గుర్తూ లేదు, అతికిన గుర్తూ లేదు. సూపరింటెండెంట్ గారినే అడిగాను. "పొడవాటి ముక్కమ్మా, ఒకే ముక్క" అన్నాడు.

అంటే ఆ ఒక్క ఫొటో కోసం వేరే కెమెరా, వేరే రీలు వాడావు. అది ఎవరికి చేరాలో వాళ్ళకి చేరేలా. నేను ఇంతకన్నా వేరేగా అనుకోలేకపోతున్నాను, వేరేది ఉంటే నువ్వే చెప్పు.

ఇంకో సంగతి. ఈ పదకొండు వందల నలభైలో ఒక్కదాంట్లో కూడా ఆ పెద్దమనిషికి కళ్ళజోడు లేదు. అమ్మతో అంటే ఆవిడ నవ్వింది. "ఆయనకి కళ్ళజోడు లేకపోతే ఎదురుగా ఏనుగున్నా కనపడదే. మన వీధికి వచ్చినరోజు కూడా పెట్టుకునే ఉన్నాడు. మీ నాన్న భుజం మీద చెయ్యేసినప్పుడు ఆ అద్దాల్లో మన ఇల్లు కనపడింది నాకు" అంది. తర్వాత నవ్వు ఆపేసి, ఆ రోజంతా మళ్ళీ చెప్పింది. నాన్న పక్కింటి దువ్వెన అడిగి తల దువ్వుకున్నాడట. తాళాల నూనె మరక లేని చొక్కా ఒక్కటే ఉంటే అది వేసుకున్నాడట. నువ్వు కెమెరా మెడలో వేలాడేసుకుని దగ్గరికొచ్చి, "బావా, ఇలా చూడు" అని ఆయన కాలరు గుండీ పెట్టావట. "మా తమ్ముడు అంత శ్రద్ధగా తీశాడే, ఎందుకు ఇవ్వడు?" అంటోంది. ఇంకా నీ తరఫునే మాట్లాడుతోంది. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఎవరికి ఇచ్చావు? ఒక్క మాట రాయి. లేకపోతే జూలై ఒకటిన అందరిముందు లేచి నీ పేరు చెప్తాను.

మేనకోడలు.

జూన్ 20

అగ్గిపుల్లా,

నీ ఉత్తరం అయిదుసార్లు చదివాను. దువ్వెన సంగతి నాకు తెలీదు.

ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఫొటో లేదు. అక్కకి నువ్వు చెప్పకు, నేనే వచ్చి చెప్తాను. కానీ నీకు ముందు చెప్పాలి, ఎందుకంటే నువ్వు సగం కనిపెట్టేశావు.

రీలుకి ముప్ఫై ఆరు బొమ్మలు. ఎమ్మెల్యే బయటికి వచ్చాడంటే పక్కన నిలబడటానికి రోజుకి రెండు వందలమంది. కాదంటే ఊరుకోరు. అందుకని మొదటి ఏడాదే ఆయన నాకో సైగ నేర్పాడు. కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడంటే నిజంగా తియ్యాలి. కళ్ళజోడు ఉంచుకున్నాడంటే వట్టి మెరుపు. ఫ్లాష్ వెనక చిన్న బొత్తం ఒకటి ఉంటుంది. అది నొక్కితే దీపం మాత్రం మెరుస్తుంది, కెమెరా కన్ను తెరుచుకోదు. నిలబడ్డవాళ్ళు ఫొటో పడిందని నమస్కారం పెట్టి వెళ్ళిపోతారు. "ఎప్పుడిస్తావు బాబూ" అంటే "కడగాలి" అనేవాణ్ణి. నాలుగుసార్లు అడిగి మానేస్తారు. మొదట్లో సిగ్గేసేది. తర్వాత వేలికి అలవాటైపోయింది.

ఆ రోజు రీల్లో ఇంకా పంతొమ్మిది మిగిలి ఉన్నాయి. ఒకటి నొక్కితే ఎవరికీ ఏమీ తరిగేది కాదు. నేను బావ కాలరు గుండీ పెట్టాను, వెనక్కి వచ్చాను, ఎమ్మెల్యే వంక చూశాను. కళ్ళజోడు తీయలేదు. నా వేలు దానంతటదే వెనక బొత్తం మీదికి పోయింది. ఎదురుగా ఉన్నది బావ అని నా వేలికి తెలీలేదు. మెరిసాక నాకు తెలిసింది. "ఇంకోటి తీస్తాను, ఉండండి" అనాలి. నోరు తెరిచాను. ఆయన అప్పటికే కారెక్కుతున్నాడు.

మిషన్లొచ్చిన రోజు మీ వీధి సైకిల్ షాపాయన పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు కొట్టాడు. నేను చీకటి గదిలో ఉన్నాను. పలకలేదు. నోటితోనైనా వచ్చి చెప్పొచ్చు కదా అంటావు. "నేను చూశాను, ఆయన మాట ఇచ్చాడు" అని చెప్పొచ్చు. చెబితే "మరి ఫొటో ఏది" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి అరవై రెండు ఇళ్ళు పోనిచ్చాను. తర్వాత బావ ఒక్కసారే అడిగాడు నన్ను. ఫొటో ఎందుకు తేలేదని కాదు. "ఒరేయ్, నేను బాగా వచ్చానా?" అని. "బాగా వచ్చావు బావా" అన్నాను.

దీంతోపాటు ఒక నోటు పుస్తకం పంపుతున్నాను. మొదటి వట్టి మెరుపు రోజు నుంచీ రాశాను. ఎందుకు రాశానో తెలీదు, ఎవరికైనా చెప్పినట్టుండేది. తేదీ, చోటు, ఎవరు నిలబడ్డారు. పేర్లు తెలిసినచోట పేర్లు, తెలీనిచోట పని. వెయ్యికి పైగా ఉన్నాయి. మీ వీధి రోజున ఒక్క మాటే ఉంటుంది.

నేను ఏమైనా అనిపించుకోవడానికి సిద్ధమే.

మామయ్య.

జూన్ 21

ఎమ్మెల్యే గారి ఆస్థాన ఫొటోగ్రాఫర్ గారికి,

వారమైంది, జవాబు లేదు. ఆలోచించుకోవడానికి టైము కావాలంటే అర్థం ఒకటే. నాకు కావాల్సిన జవాబు అదే.

అమ్మకి చెప్పేశాను. నీ తమ్ముడు ఆ ఫొటోని ఎమ్మెల్యే మనుషులకి అమ్ముకున్నాడని చెప్పాను. ఎంతకో తెలీదు కానీ తర్వాత ఏడాదే కొత్త ఊళ్ళో కాపురం పెట్టాడు కదా అన్నాను. ఆవిడ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కుర్చీ ఎక్కింది, మోకాలు నొప్పి అని కూడా చూసుకోకుండా. మేకు అటూ ఇటూ ఆడించి పీకేసింది. నా చేతిలో పెట్టి "పారెయ్" అంది. గోడకి చిల్లు మిగిలింది.

మా కరపత్రాల్లో శత్రువులు గుర్తుపట్టడానికి వీలుగా ఉంటారు. టోపీలుంటాయి, కార్లుంటాయి. కాలరు గుండీ పెట్టే చేతులుంటాయని ఎవరూ రాయలేదు.

మా గుమ్మం తొక్కకు. నాకు మేనమామ లేడు. నాన్న ఫొటోలాగే నీది కూడా ఇంట్లో లేదు, అదొక్కటి మంచిదైంది.

జూన్ 25

తల్లీ,

నీ ఇరవై ఒకటి నాటి ఉత్తరం అందింది. నాది నీకు అందేలోపే నువ్వు రాసేశావని తేదీ చూస్తే తెలుస్తోంది. అందులో నువ్వన్న మాటల్లో ఒకటే తప్పు. నేను అమ్ముకోలేదు. అమ్ముకుని ఉంటే ఎక్కడో ఒకచోట బావ ముఖం ఉండేది. వాళ్ళ బీరువాలోనైనా ఉండేది.

అక్క మేకు పీకిందన్నావు. ఆ గోడకి చిల్లు పూడ్చించు. చూస్తూ కూర్చోనియ్యకు.

రానులే. తొక్కను.

మామయ్య.

జూలై 3

మామయ్యా,

ఈ ఉత్తరం రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. మొదటిదాంట్లో తిట్లు, రెండోదాంట్లో క్షమాపణలు. రెండూ నీకు ఇవ్వాలని లేదు. జరిగింది రాస్తాను.

నీ పుస్తకం ఇరవై మూడున వచ్చింది. మొదటి పేజీ నుంచీ చదివాను. పింఛను అడగడానికొచ్చిన ముసలాయన, కర్ర పట్టుకుని. కుట్టుపని ఆవిడ, చంకలో పాపాయి, పాపాయి ఏడుస్తోంది. బస్సు పాసు కోసం వచ్చిన చెవిటి కుర్రాళ్ళు ఆరుగురు, వరసగా. నువ్వు ఫొటోల్లో వదిలేసినవాళ్ళందర్నీ ఇందులో ఫోకస్ పెట్టి మరీ రాశావు. నాన్న పేజీలో "బావ" అని ఒక్క మాటే ఉంది. పక్కన ఏదో రాసి కొట్టేశావు. దీపపు బల్ల మీద పెట్టి చూశాను. "కొత్త చొక్కా" అని ఉంది. కొత్తది కాదు మామయ్యా. మరక లేనిది, అంతే.

సూపరింటెండెంట్ గారి దగ్గరికి తీసుకెళ్ళి ఇది ఇరవయ్యో పెట్టె అన్నాను. "ఇది ఫొటోల సేకరణమ్మా. తీయని ఫొటోల్ని ఎక్కడ పెట్టను?" అన్నాడు. అరిచాను. నువ్వు చెప్పినట్టే అరుపు కింద మాట పోయింది, దాంతోపాటు ఉద్యోగమూ పోయింది.

జూలై ఒకటిన ప్రదర్శనకి మామూలు జనంలా వెళ్ళాను. ఎమ్మెల్యే కూతురు ఒక్కతే ఒక మూల నిలబడి ఉంది. పుస్తకం ఆవిడ మొహాన కొడదామనే వెళ్ళాను. కళ్ళజోడు సంగతి చెప్పాను. ఆవిడ గోడల వంక చూసింది. "ఫొటోలకి తీసేస్తుంటే సోకు అనుకునేదాన్ని" అంది. తర్వాత మెల్లగా, "మా నాన్న ఇంట్లో ఎప్పుడూ కళ్ళజోడుతోనే ఉండేవాడు. నాకు తెలిసిన ముఖం ఈ గోడల మీద ఒక్కటీ లేదు" అంది. పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాను. పక్కపక్కన నిలబడ్డాం, ఇద్దరు కూతుళ్ళం. కాసేపటికి నేను వచ్చేశాను.

ఇంటికొచ్చి అమ్మకి మొత్తం చదివి వినిపించాను. అమ్ముకున్నాడన్న మాట తప్పని చెప్పాను. నిన్ను తిడుతుందనుకున్నాను. లేదా వెనకేసుకొస్తుందనుకున్నాను. ఆవిడ అడిగింది ఇదొక్కటే:

"మరి మీ నాన్న నవ్వాడు కదే? పళ్ళు కనపడేలా ఎప్పుడూ నవ్వని మనిషి ఆ రోజు నవ్వాడు. ఆ నవ్వు ఎటు పోయింది?"

నాకు చెప్పడం రాలేదు. నీకు వస్తే నువ్వు చెప్పు. అందుకే రాస్తున్నాను.

మేకు నేను పారెయ్యలేదు. జేబులోనే ఉంది.

వారం నుంచి పుస్తకం పట్టుకుని, అందర్నీ ఒక ఫొటోకి పిలుస్తూ తిరుగుతున్నాను. రైలుకట్ట వీధివాళ్ళు ఊరంతా చెదిరిపోయారు. ఇప్పటికి ఇరవై ఆరు ఇళ్ళవాళ్ళు దొరికారు. సైకిల్ షాపాయన, నాన్నకి ఫొటో మేస్త్రీ అని పేరు పెట్టిందే ఆయన, పుస్తకంలో ఆ పేజీ చూసి, వట్టి మెరుపు సంగతి విని, చేతిలో స్పానరు కింద పెట్టాడు. "అంటే మేస్త్రీ అబద్ధం చెప్పలేదా?" అన్నాడు. "మేస్త్రీకి అబద్ధం చెప్పారు" అన్నాను. చేతికున్న గ్రీజు తుడుచుకుంటూనే ఉన్నాడు, ఎంతసేపు తుడిచాడో. చివరికి "నేను ఎక్కడ నిలబడాలమ్మా?" అన్నాడు. పింఛను ముసలాయన పోయాడు, ఆయన మనవరాలు వస్తానంది. చంకలో పాపాయికి ఇప్పుడు పదిహేనేళ్ళు.

అందరికీ ఒకే మాట చెప్పాను. నీకూ చెప్తున్నాను.

వీధి ఉన్నచోట ఇప్పుడు గోదాము గోడ ఉంది. నేను రెండు రోజులు వెళ్ళి చూశాను. ఎనిమిదింటికి ఎండ ఆ గోడ మీదికి ఏటవాలుగా వస్తుంది. ఎదురుగా నిలబడితే ముఖాలన్నీ తెలుస్తాయి. ఫ్లాష్ అక్కర్లేదు, తేవద్దు. రీలు నేను కొన్నాను, ఈ రోజుల్లో దొరకడం ఎంత కష్టమో నీకు తెలుసు. ముప్ఫై ఆరు బొమ్మలు. అందరి ఎదుటా, అందరూ చూస్తుండగా నువ్వే కెమెరాలోకి ఎక్కించాలి. చెయ్యి వణికితే మోచెయ్యి డొక్కకి ఆనించుకో.

ముందు వరసలో అమ్మ నిలబడుతుంది. ఆవిడ ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత చోటు వదులుతాం. అక్కడికి ఎవరూ జరగరు, ఎంత ఇరుకైనా. నువ్వు ఆ చోటు కూడా ఫ్రేములో వచ్చేలా తియ్యాలి. ఆ రోజు నిండు మనిషి ముందు వట్టి మెరుపు మెరిపించావు. ఈసారి ఖాళీ చోటుని నిజంగా తియ్యి. అది కడిగి నువ్వే తెచ్చి ఇస్తే, మేకు అదే చిల్లులో మళ్ళీ కొడతాను. చిల్లు పూడ్చలేదు.

క్షమించామని కాదు. అమ్మ ఏమీ అనలేదు, నేను అడగలేదు. కానీ నిన్న దువ్వెన కడిగి కిటికీలో ఆరబెట్టింది. ఎందుకమ్మా అంటే "ఆదివారం అందరం నీట్‌గా ఉండాలి కదే, వాడు వస్తున్నాడుగా" అంది.

జూలై పన్నెండు, ఆదివారం. పొద్దున ఎనిమిది గంటలకి, రైలుకట్ట పక్కన, గోదాము గోడ ముందు. ఎనిమిదింపావుకి నీడ వచ్చేస్తుంది. ఆలస్యం చెయ్యకు.

నీ అగ్గిపుల్ల.